మాట పడ్డ రాత్రి చేయాల్సిన పని

అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఒంటి రంగు గురించో, యాస గురించో, పుట్టిన దేశం గురించో ఆఫీసులో మాట పడ్డ తెలుగువాళ్ళకు ఆ రాత్రి ఫోన్లో దొరికే సలహా దాదాపు ఒకటే. 'హెచ్‌-1 మీద ఉన్నావు, చూసీచూడనట్టు పో. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక చూసుకుందాం.' ఈ మాట చెప్పేవాళ్ళెవరూ పరాయివాళ్ళు కారు. ఒకే అపార్ట్‌మెంట్లో ఉండే రూమ్మేటు, ముందే వెళ్ళి స్థిరపడ్డ బావగారు, కరీంనగర్‌లోనో గుంటూరులోనో నిద్రపట్టని అమ్మ. వాళ్ళ భయం నిజం, ప్రేమ నిజం, సలహా మాత్రం తప్పు. చట్టం ఫిర్యాదుకు గడువులు పెట్టింది. ఆ గడువులు రోజుల్లో ఉంటాయి, గ్రీన్‌కార్డ్ వరుస ఏళ్ళలో ఉంటుంది. మీరు ఓపిక పట్టిన ప్రతి నెలా ఆ గడువులోంచే తరిగిపోతుంది. అంతేకాదు, ఫిర్యాదు చేసే దారి ఉన్నా మీరు వాడుకోలేదన్న వాదనే రేపు కోర్టులో కంపెనీకి అండగా నిలుస్తుంది.

అలాగని తెల్లారేసరికి మేనేజర్ గదిలోకి వెళ్ళి తేల్చుకోమని నేను చెప్పడం లేదు. ఎదిరించాలా, మింగాలా, ఉద్యోగం మారాలా అన్నది ఆ రాత్రి తేలే విషయం కాదు, తేల్చుకోవాల్సిన అవసరమూ లేదు. ఆ రాత్రి చేయాల్సింది ఒక్కటే: జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టడం. తర్వాత మీరు ఏ దారి పట్టినా ఆ కాగితమే ఆధారం.

బ్రిటన్‌లో, గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో పనిచేసేవాళ్ళకు చట్టాలు వేరు, తలుపు తట్టాల్సిన కార్యాలయాలు వేరు. ఈ అధ్యాయంలో చెప్పేది అమెరికా గురించే.

ఏది వివక్ష, ఏది కాదు

అమెరికాలో ఉద్యోగికి ముఖ్యమైన అండ 1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఉంది. అందులో ఉద్యోగాల గురించి చెప్పే భాగాన్ని అక్కడ టైటిల్ సెవెన్ అంటారు. 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. జాతి, రంగు, మతం, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం, వీటిలో దేన్ని చూసైనా ఉద్యోగంలో తేడా చూపడం నేరుగా ఆ చట్టాన్ని ఉల్లంఘించడమే. ఆ దేశ పౌరులకే ఈ రక్షణ అనుకునేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. 1973లో ఎస్పినోజా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ సందేహం తీర్చేసింది. పౌరులు కానివాళ్ళు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది, అది మనకు చేదుగా ఉన్నా తెలుసుకోవాలి: పౌరసత్వం లేదన్న కారణంతో ఉద్యోగం ఇవ్వకపోవడం ఈ చట్టం కింద పుట్టిన దేశాన్ని బట్టి చూపిన వివక్ష కాదు. కాబట్టి 'మేం వీసా స్పాన్సర్ చేయం' అని ఒక కంపెనీ అంటే, ఎంత బాధ కలిగినా దాన్ని జాతి వివక్ష ఫిర్యాదుగా తీసుకెళ్ళి లాభం లేదు.

అందరి మీదా అరిచే మేనేజరు చెడ్డ మేనేజరు కావచ్చు, వివక్ష చూపినట్టు కాకపోవచ్చు. తేడా ఎలా పట్టుకోవాలి? ఒకే పరిస్థితిలో ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. రిలీజ్ రాత్రి తెల్లజాతి సహోద్యోగి చేసిన పొరపాటుకు 'పర్లేదు, అందరికీ జరిగేదే' అన్న మనిషి, అలాంటి పొరపాటే మీరు చేసినప్పుడు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడా? ఇద్దరి పనీ ఒకటే, పై అధికారి ఒకరే, పొరపాటు ఒకటే, ఫలితం మాత్రం రెండు రకాలు. కోర్టులు ముందుగా వెతికేది ఇలాంటి పోలికలనే. మీకు అన్యాయం జరిగిందన్న మీ నమ్మకం ఎంత గట్టిదైనా దానికంటే ఈ పోలిక పదింతలు బరువైనది.

ఇక మాటల విషయం. 'మీ ఇంగ్లీషు బాగుందే', 'అసలు నువ్వు ఎక్కడివాడివి?' లాంటివి ఒకసారి అంటే చట్టం దాన్ని పెద్దగా పట్టించుకోదు. చాలా తీవ్రమైన మాటో బెదిరింపో అయితే ఒక్కసారైనా లెక్కలోకి రావచ్చు. లేదంటే పని చేసుకోలేనంతగా పదేపదే జరగాలి. అయినా మొదటి మాట నుంచే రాసిపెట్టుకోండి. పదేపదే జరిగిందని చూపించాలంటే మొదటిది, రెండోది, మూడోది కాగితం మీద ఉండాలి కదా.

యాస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మనవాళ్ళ మీద రంగు పేరుతో నేరుగా దెబ్బ వేసేవాళ్ళకంటే 'కమ్యూనికేషన్ స్కిల్స్' అన్న ముసుగులో వేసేవాళ్ళతోనే ఎక్కువ చిక్కు. చట్టాన్ని అమలు చేసే సమాన ఉపాధి అవకాశాల కమిషన్, అంటే ఈఈఓసీ, ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. యాస కారణంగా ఒకరికి ఉద్యోగమో ప్రమోషనో ఆపాలంటే ఆ పనికి ఇంగ్లీషులో మాట్లాడటం నిజంగా అవసరమై ఉండాలి, ఆ యాస ఆ పనికి గట్టి అడ్డంకి అయి ఉండాలి. వినేవాడికి చిరాకు కలగడం కారణం కాదు.

అయితే చట్టం మీ వైపు ఉందని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. ఫ్రగాంటే అనే ఫిలిప్పీన్స్ దేశస్థుడు 1981లో హోనొలూలూలో వాహనాల లైసెన్సులిచ్చే కార్యాలయంలో క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. రాతపరీక్షకు కూర్చున్న 721 మందిలో ఆయనకే అందరికంటే ఎక్కువ మార్కులు. ఇంటర్వ్యూలో యాస అర్థం కావడం లేదన్నారు, ఉద్యోగం ఇవ్వలేదు. కేసు 1989లో అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది, ఆయన ఓడిపోయాడు. కౌంటర్ దగ్గర రోజంతా జనంతో మాట్లాడాల్సిన ఉద్యోగం అన్న వాదనే నెగ్గింది. ఆ తీర్పు న్యాయమైనదని నేను అనుకోను. కానీ అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది: వాదన అంతా ఉద్యోగ స్వభావం చుట్టూ తిరుగుతుంది. మీది కోడ్ రాసే పనో, డేటాబేస్ చూసుకునే పనో అయితే, 'క్లయింట్‌కు నీ మాట అర్థం కావడం లేదట' అని మేనేజర్ అన్న రోజే మర్యాదగా మెయిల్ పెట్టండి. ఏ మీటింగ్‌లో, ఏ విషయం చెప్పినప్పుడు, ఎవరికి అర్థం కాలేదో చెబితే సరిదిద్దుకుంటానని అడగండి. నిజంగా ఇబ్బంది ఉంటే జవాబు వస్తుంది, మీకూ మేలే. జవాబు రాకపోతే ఆ మెయిలే మీ సాక్ష్యం.

ఆ నిమిషంలో

మాట తగిలిన నిమిషంలో గొంతు పెగలకపోతే తర్వాత రోజుల తరబడి మనల్ని మనమే తిట్టుకుంటాం. అది అనవసరం. అంత మందిలో అవమానం జరిగితే చాలామందికి మాట రాదు. వస్తే మాత్రం ఎదురు మాట అనకండి, ప్రశ్న అడగండి. 'సారీ, కెన్ యూ సే దట్ అగైన్?' అని నెమ్మదిగా, కళ్ళలోకి చూస్తూ అడగండి. రెండోసారి అదే మాట అనే ధైర్యం చాలామందికి ఉండదు. అన్నాడంటే గదిలో ఉన్నవాళ్ళందరూ స్పష్టంగా వింటారు. గొంతు పెంచినా, తిరిగి తిట్టినా రేపు విచారణలో అతని మాట పక్కకు పోయి మీ ప్రవర్తనే చర్చకు వస్తుంది.

రాసేది ఎలా రాయాలి

ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు, ఆఫీసు మెయిల్‌లో వద్దు. ఉద్యోగం పోయిన గంటలో ఆ రెండూ మీ చేతిలో ఉండవు. సొంత నోటుపుస్తకం మంచిది, సొంత ఫోన్ అయినా సరే. 'మేనేజర్ నన్ను అవమానించాడు' అని రాస్తే అది మీ అభిప్రాయం మాత్రమే. ఇలా రాస్తే ఆధారం అవుతుంది: 'మంగళవారం ఉదయం 10.15, వారం వారం జరిగే స్టేటస్ కాల్. ఏడుగురం ఉన్నాం. డిప్లాయ్‌మెంట్ ఎందుకు ఆలస్యమైందో నేను చెబుతుంటే మధ్యలో ఆపి, మీ ఇండియన్స్ అందరూ ఇంతే, ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరైనా చెప్పండి అన్నాడు. ఇద్దరు నవ్వారు. నా తర్వాత టీమ్‌లో ఇంకొకరు అవే కారణాలు చెప్పారు, తల ఊపి విన్నాడు. మధ్యాహ్నం వచ్చిన ఇన్వైట్‌లో క్లయింట్ డెమో నుంచి నా పేరు తీసేశారు.' అన్న మాటను ఇంగ్లీషులో ఎలా అన్నాడో అచ్చం అలాగే రాయండి. ఎవరెవరున్నారో రాయండి. దానివల్ల మీ పనిలో, జీతంలో, బాధ్యతల్లో ఏం మారిందో తప్పకుండా రాయండి. మనవాళ్ళు అవమానాన్ని వివరంగా రాసి, ఈ చివరి భాగం దగ్గర ఆగిపోతారు. నిజానికి చట్టం ఎక్కువగా చూసేది దాన్నే.

మీ పని బాగుందని వచ్చిన మెయిళ్ళ తేదీలు, పంపినవాళ్ళ పేర్లు, ప్రతి ఏటి రివ్యూలో వచ్చిన రేటింగు కూడా అదే పుస్తకంలో ఉండాలి. ఫిర్యాదు చేసిన తర్వాత 'మొదటి నుంచీ ఇతని పని బాగోలేదు' అన్న పాట మొదలైతే ఆ తేదీలే జవాబు చెబుతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కోపంలో కంపెనీ ఫైళ్ళు, క్లయింట్ డాక్యుమెంట్లు సొంత మెయిల్‌కు పంపుకోకండి. 1995లో తీర్పు వచ్చిన మెకెనన్ కేసులో ఒక ఉద్యోగిని సంస్థ రహస్య పత్రాలు నకలు తీసుకుంది. వయసు చూసి తనను తీసేశారన్న ఆమె కేసు ఆ కారణంగా చచ్చిపోదని సుప్రీంకోర్టు అంది. కానీ అలాంటి తప్పు బయటపడితే తిరిగి ఉద్యోగంలోకి రావడం, రావాల్సిన పాత జీతం పూర్తిగా అందడం కష్టమని కూడా ఆ తీర్పుతో తేలింది. రెండోది, రహస్యంగా రికార్డు చేయడం. టెక్సస్‌లో, న్యూజెర్సీలో సంభాషణలో ఉన్న ఒక్కరికి తెలిస్తే సరిపోతుంది, ఆ ఒక్కరు మీరే కావచ్చు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో అవతలివాళ్ళ అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణ రికార్డు చేయడం నేరం. చట్టం ఒప్పుకున్న చోట కూడా కంపెనీ నిబంధన ఒప్పుకోకపోవచ్చు. నా సలహా అడిగితే, రికార్డింగు జోలికి వెళ్ళకుండా మీటింగ్ అయిన వెంటనే మెయిల్ పెట్టండి: 'ఈ రోజు మనం మాట్లాడుకున్నది నాకు ఇలా అర్థమైంది' అని.

హెచ్ఆర్ గడప దగ్గర

హెచ్ఆర్ కంపెనీ మనిషి. మన కన్నీళ్ళు తుడవడానికి పెట్టిన విభాగం కాదు అది. ఆ సంగతి తెలిసే అక్కడికి వెళ్ళాలి, వెళ్ళి తీరాలి. 1998లో సుప్రీంకోర్టు ఒకే రోజున రెండు తీర్పులు ఇచ్చింది, ఫారగర్, ఎలర్త్ కేసుల్లో. వేధింపులను అడ్డుకునే ఏర్పాటు కంపెనీ చేసి ఉండి, ఉద్యోగి సరైన కారణం లేకుండా దాన్ని వాడుకోకపోతే, ఉద్యోగం పోవడం, హోదా తగ్గడం లాంటి నష్టం జరగని కేసుల్లో కంపెనీ బాధ్యత నుంచి తప్పించుకోవచ్చని వాటి సారాంశం. అంటే మీరు హెచ్ఆర్ దగ్గరకు వెళ్ళేది వాళ్ళ దయ కోసం కాదు, 'మాకు చెప్పలేదు' అనే అవకాశం కంపెనీకి లేకుండా చేయడానికి.

ఫిర్యాదు నోటితో కాదు, రాతలో ఉండాలి. అందులో మాటలు సూటిగా ఉండాలి. 'నాతో సరిగ్గా ప్రవర్తించడం లేదు', 'వాతావరణం బాగోలేదు' అని మర్యాదకు మెత్తగా రాస్తాం. అలాంటి ఫిర్యాదుకు చట్టం రక్షణ దొరకకపోవచ్చు. నా జాతి, నా రంగు, నేను పుట్టిన దేశం కారణంగా ఇలా జరుగుతోందని నమ్ముతున్నాను అని ఇంగ్లీషులో రాయండి. రేస్, కలర్, నేషనల్ ఆరిజిన్ అన్న మూడు మాటలూ వర్తిస్తే మూడూ ఉండాలి. 'ఇండియన్‌ని కాబట్టి' అని మాత్రమే రాసి ఊరుకుంటే తర్వాత కొన్ని దారులు మూసుకుపోతాయి. ఎలాగో కింద చెబుతాను.

కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్ళకు ఇంకో చిక్కు. మాట అన్నది క్లయింట్ మేనేజరు, జీతం ఇచ్చేది మన ఎంప్లాయరు. 'క్లయింట్‌తో గొడవ పెట్టుకోకు, ప్రాజెక్టు పోతుంది' అని ఎంప్లాయరే నోరు నొక్కుతాడు. ఈఈఓసీ దృష్టిలో ఇద్దరికీ బాధ్యత ఉండొచ్చు. క్లయింట్ దగ్గర వివక్ష జరుగుతోందని తెలిసి కూడా కన్సల్టెన్సీ చేతులు ముడుచుకుంటే తప్పు దానిది కూడా. కాబట్టి ఫిర్యాదు ఇద్దరికీ పంపండి.

ఫిర్యాదు తర్వాత వచ్చే ప్రతీకారం మీద చట్టం గట్టిగా ఉంది. మెంఫిస్ రైల్వే యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే షీలా వైట్ అనే కార్మికురాలు వేధింపుల గురించి చెప్పినందుకు ఆమెను పట్టాల మీద కష్టమైన పనికి మార్చారు, తర్వాత 37 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేశారు. ఆ జీతం తర్వాత ఇచ్చారు కదా అని కంపెనీ వాదించింది. 2006లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచింది. మామూలు ఉద్యోగిని ఫిర్యాదుకు వెనకాడేలా చేసేది ఏదైనా ప్రతీకారమేనని తేల్చింది. ఫిర్యాదు చేసిన కొద్ది వారాల్లో హఠాత్తుగా పిప్, అంటే పని మెరుగుపరచుకోవాలనే హెచ్చరిక కాగితం, చేతికొచ్చిందా, షిఫ్టు మారిందా, మీటింగుల నుంచి పేరు తీసేశారా, తేదీతో రాయండి. అసలు వివక్ష నిరూపణ కాకపోయినా ప్రతీకారం నిరూపణ అయిన కేసులు ఉన్నాయి.

వీసా భయం

ఇప్పుడు అసలు భయం దగ్గరకు వద్దాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. కాల్చే ముందు అడిగిన ప్రశ్నల్లో వీసా గురించి కూడా ఉంది. ఆ రాత్రి నుంచి మన ఇళ్ళలో భయం ఇంకో మెట్టు పెరిగింది. ఆ భయాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ భయానికి కొలత ఉండాలి. ఏం పోతుంది, ఏం పోదు అన్నది తెలిస్తే భయం తన హద్దులో ఉంటుంది.

హెచ్‌-1బి మీద ఉన్న మనిషి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకు దేశంలో ఉండొచ్చు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అక్కడితో సరి. ఈ వెసులుబాటు 2017 జనవరి నుంచి ఉంది. ఆ లోపు ఇంకో ఎంప్లాయర్ మీ తరఫున పిటిషన్ వేస్తే, అది ఆమోదం పొందేదాకా ఆగకుండానే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ కోపంతో వెనక్కి తీసుకున్నా సాధారణంగా అది రద్దు కాదు. మోసం లాంటి కారణాలు లేకపోతే వరుసలో మీ స్థానాన్ని తేల్చే ప్రయారిటీ డేట్ మీదే. ఏళ్ళ తరబడి వరుసలో నిలబడ్డ మనవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. 'ఫిర్యాదు చేస్తే గ్రీన్‌కార్డ్ ఫైలు చింపేస్తారు' అన్న మాట నమ్మి ఎన్నో అవమానాలు మింగినవాళ్ళున్నారు. చివరి అంచె అయిన ఐ-485 వేసి 180 రోజులు గడిచినవాళ్ళు అదే తరహా ఉద్యోగానికి మారినా ఫైలు కొనసాగుతుంది.

ఈఈఓసీలో ఫిర్యాదు చేయడం వల్ల మాత్రం వీసా పొడిగింపు దొరకదు. కేసు నడుస్తోంది కాబట్టి దేశంలో ఉండనిస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. అందుకే ఫిర్యాదుకు ముందు ఒక వారాంతం కేటాయించి ఐ-797 నోటీసులు, పేస్లిప్పులు, ఐ-140 రిసీట్ నంబరు ఇంట్లో భద్రపరచుకోండి. వలస చట్టం తెలిసిన సొంత లాయరుతో ఒకసారి మాట్లాడండి. మీ హెచ్‌-1 వేసిన కంపెనీ లాయరు వద్దు, కంపెనీ ఆయన కక్షిదారు. ఫిర్యాదు చేశాక 'ఇమ్మిగ్రేషన్‌కు చెబుతాం' అని ఎవరైనా బెదిరిస్తే, ఆ బెదిరింపే ప్రతీకారానికి సాక్ష్యం కావచ్చు.

ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడం లాంటివి వేరే ఖాతా. వాటిని కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి 12 నెలల్లోపు చెప్పాలి.

గడువులు

ఈఈఓసీలో ఫిర్యాదుకు గడువు సంఘటన జరిగిన రోజు నుంచి 180 రోజులు. ఆ రాష్ట్రంలోనో నగరంలోనో ఇలాంటి వివక్షను నిషేధించే సొంత చట్టం, దాన్ని అమలు చేసే కార్యాలయం ఉంటే 300 రోజులు. శని, ఆదివారాలు, సెలవులు కూడా లెక్కలోకే వస్తాయి. హెచ్ఆర్ విచారణ నడుస్తోందని ఈ గడియారం ఆగదు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 'చూస్తున్నాం, తేలుస్తాం' అని హెచ్ఆర్ నెలలు గడుపుతుంది, గడువు అలాగే దాటిపోతుంది. నా మాట విని, సంఘటన జరిగిన రోజే 150వ రోజు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టేయండి.

ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఈఈఓసీ వెబ్ పోర్టల్‌లో మొదలుపెట్టవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఉచితంగా మధ్యవర్తిత్వం ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి, మంచి రిఫరెన్సు లేఖతో, కొంత పరిహారంతో గౌరవంగా బయటపడే అవకాశం అక్కడ దొరకవచ్చు. కమిషన్ తన పని ముగించి కోర్టుకు వెళ్ళవచ్చంటూ నోటీసు ఇస్తే, అప్పటినుంచి 90 రోజుల్లో కేసు వేయాలి. ఈ గడువు దాటితే ఎంత బలమైన కేసయినా సాధారణంగా అక్కడితో ముగిసినట్టే.

మూడు మాటలూ రాయమని పైన ఎందుకన్నానంటే, 1866లో వచ్చిన పాత చట్టం ఒకటుంది. అంతర్యుద్ధం తర్వాత, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళకు ఒప్పందాలు చేసుకునే హక్కు ఇవ్వడానికి చేసింది. ఇప్పుడు దాన్ని సెక్షన్ 1981 అంటారు. దానికి 15 మంది ఉద్యోగుల నియమం లేదు, ముందు ఈఈఓసీకి వెళ్ళాలన్న షరతు లేదు, ఉద్యోగంలో జరిగిన వివక్షకు సాధారణంగా నాలుగేళ్ళ గడువుంది. టైటిల్ సెవెన్ కింద మానసిక క్షోభకు, శిక్షగా వేసే పరిహారానికి కలిపి ఎంత పెద్ద కంపెనీ అయినా 3 లక్షల డాలర్ల పరిమితి ఉంది, ఇక్కడ అది లేదు. కానీ ఇది జాతికి సంబంధించిన చట్టం, పుట్టిన దేశం ఒక్కటే చూపితే చాలదు. ఇరాక్‌లో పుట్టిన ఒక ప్రొఫెసర్ వేసిన కేసులో 1987లో సుప్రీంకోర్టు వంశమూలాలు కూడా ఈ చట్టం దృష్టిలో జాతేనని చెప్పింది. కాబట్టి మనకు ఈ తలుపు తెరిచే ఉంది, మొదటి ఫిర్యాదులోనే జాతి అన్న మాట రాసి ఉంచితే.

పంపించేస్తూ సెవరెన్స్ కాగితం చేతిలో పెట్టి 'ఈ రోజే సంతకం చేయండి' అంటే చేయకండి. 40 ఏళ్ళు నిండినవాళ్ళకు వయసు వివక్షపై హక్కులు వదులుకునే ఒప్పందమైతే ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అంతకంటే చిన్నవాళ్ళు కూడా లాయరుకు చూపిస్తానని సమయం అడగాలి. డబ్బు తీసుకుని సంతకం చేస్తే కోర్టు దారి మూసుకుపోవచ్చు.

ఫిర్యాదు నడిచే ఈ నెలల్లో నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, ఇంట్లో చిన్న విషయాలకు కోపం వస్తుంది. చాలా కంపెనీల్లో ఉద్యోగులకు ఉచితంగా కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది. సిగ్గుపడకుండా వాడుకోండి. భార్యకో భర్తకో మొదటి రోజే చెప్పండి. అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం.

మన వంతు

మనం ఆధారపడే ఈ చట్టాల కోసం దెబ్బలు తిన్నది, జైళ్ళకు వెళ్ళింది ప్రధానంగా నల్లజాతి అమెరికన్లు. పరీక్షల పేరుతో, సర్టిఫికెట్ల పేరుతో పై ఉద్యోగాలు దక్కకుండా చేయడాన్ని సవాలు చేసి 1971లో గెలిచింది నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ విద్యుత్ కేంద్రంలో పనిచేసే 13 మంది నల్లజాతి కార్మికులు. పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడు, 1965లో, అదే ఊపులో వలస చట్టం మారింది. దేశాన్ని బట్టి కోటాలు పోయాయి, మనకు తలుపు తెరుచుకుంది. అయినా మన లంచ్ టేబుల్ దగ్గర, మన వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ళ గురించి ఏ మాటలు దొర్లుతాయో మనకు తెలుసు. వాళ్ళకు తెలుగు రాదన్న ధైర్యంతో అంటాం. టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే కుర్చీలో ఇప్పుడు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. రెజ్యూమేలో పేరు చూసి పక్కన పెడితే ఆ తెలుగు మేనేజరు కూడా ఈ చట్టం ముందు దోషే. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించింది. ఆ అవసరం తెచ్చిపెట్టింది మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళే.

మీటింగ్‌లో నల్లజాతి సహోద్యోగినిని ఎవరైనా మాట అంటే మీరు అక్కడ ఉన్నారనుకోండి. ఆ సాయంత్రమే ఆమె దగ్గరకు వెళ్ళి 'నేను విన్నాను, అడిగితే చెబుతాను' అనండి. హెచ్ఆర్ పిలిచి అడిగితే చూసింది చూసినట్టు చెప్పండి. మీరు స్వయంగా ఫిర్యాదు చేయకపోయినా, విచారణలో అడిగినదానికి జవాబు చెప్పినందుకు మీ మీద చర్య తీసుకోవడం కూడా చట్టవిరుద్ధమేనని నాష్‌విల్ నగర ప్రభుత్వంలో పనిచేసిన క్రాఫర్డ్ అనే ఉద్యోగిని కేసులో 2009లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. హెచ్‌-1 మీద ఉన్న తెలుగు సాక్షికీ ఆ రక్షణ వర్తిస్తుంది.